కొసరుగా దొరికిన కుర్చీ

మా బాపుది ఇబ్రహీంపట్నం బస్టాండు బజారులో స్టీలు సామాన్ల దుకాణం. నేను నడక నేర్చింది బిందెల వరసల మధ్య, మాట నేర్చింది గిరాకీల మధ్య. అందుకే ఎవరైనా ఒక ధర చెబితే అది ధరేనని నమ్మడం నాకు ఇప్పటికీ చేతకాదు. మాట కలపడానికి అదొక పద్ధతి అనుకుంటాను. ఒకసారి దవాఖానలో డాక్టరు మందుచీటీ రాస్తుంటే, "గిండ్ల ఒక గోలీ తగ్గియ్యరాదా సార్" అని అడిగిన మనిషిని నేను. మా ఆయన ఆ రోజు నుంచి నాతో దవాఖానకు రావడం మానేశాడు.

అటువంటి నేను మా బిడ్డను బడిలో వెయ్యబోయి, ఫీజులో ఒక్క రూపాయి తగ్గించలేక తిరిగొచ్చాను.

ముందు బిడ్డ సంగతి చెప్పాలి. అంతకు ముందు అది చదివిన పెద్ద బడిలో, ఒకనాడు ఏడో ఎక్కం మధ్యలో ఆగిపోయింది. బెంచీ ఎక్కించి నిలబెట్టారు. ఆ రోజు నుంచి బడి గేటు దాటితే దాని నోరు పడిపోయేది. ఇంట్లో గిన్నెలు దొర్లినట్టు గలగలమనే పిల్ల, బడిలో పేరు పిలిచినా పలికేది కాదు. చెవులు చూపించమన్నారు. చూపించాం. చెవులు నిక్షేపంగా ఉన్నాయి. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే ఇంట్లో మాటలు కూడా పోతాయేమోనని నాకు భయం పట్టుకుంది.

అప్పుడు తెలిసింది, సాగర్ రోడ్డు దిగి మట్టిబాట పట్టుకుని పోతే ఒక పాత కోళ్ళ షెడ్డులో మాంటిస్సోరి బడి నడుస్తోందని, అక్కడ బెంచీలే ఉండవని. బెంచీలు లేకపోతే ఎక్కించి నిలబెట్టే వీలుండదు కదా. నాకు తెలిసిన చదువు శాస్త్రం అంతే. బయల్దేరాను.

మా వైపు పత్తిచేలల్లో సున్నం పూసిన హద్దురాళ్ళు మొలుస్తున్న కాలం అది. ఔటర్ రింగు రోడ్డు పడుతోందనీ, తుక్కుగూడ దిక్కు కంపెనీలు వస్తాయనీ, చాయ్ హోటలాయన కూడా హోటలు వెనక రెండు కుర్చీలు వేసి ప్లాట్ల బోర్డు కట్టాడు. ఆ మట్టిబాటలో నా పక్కన ఆగిన ప్రతి మోటారు సైకిలూ "అక్కా, ప్లాటు చూస్తరా" అని అడిగింది. బడి కోసం వచ్చానంటే ఒక్కరూ నమ్మలేదు. మంచి ప్లాటు ఏదో దాస్తున్నానని అనుకున్నారు.

టీచరమ్మ కోస్తా నుంచి వచ్చి హయత్‌నగర్‌లో స్థిరపడిన మనిషి. ఇస్త్రీ చేసిన నేతచీర, చేతికి గడియారం, ఇంకే నగా లేదు. ఫీజు చెప్పింది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"గట్ల కాదు టీచరమ్మా," అన్నాను. "మేం బజారోళ్ళం. మీరు జర దిగాలె, మేం జర ఎక్కాలె, నడుమల కలవాలె."

"నేను దిగనండి. నేను దిగితే ఆ మేరకు ఇక్కడ పిల్లల పెన్సిళ్ళు తగ్గుతాయండి."

లేచి గుమ్మం దాకా వెళ్ళాను. బేరంలో అది ముఖ్యమైన ఘట్టం. వెనక నుంచి పిలుపు రావాలి. రాలేదు. తిరిగి చూస్తే ఆవిడ అలమారలో పూసల డబ్బా సర్దుకుంటోంది. నా అంతట నేనే వెనక్కొచ్చి కూర్చోవడం నా జీవితంలో అదే మొదలు.

"సరే, ఫీజు మీ మాటే. కొసరన్న ఇయ్యుండ్రి."

"కొసరేమిటండీ బళ్ళో?"

"బిందె కొంటె మేం గరిటె ఇస్తం. మీ దగ్గర ఏమున్నది?"

అప్పుడు నవ్విందావిడ. గది మూలన ఉన్న చిన్న చెక్కకుర్చీ చూపించింది. తల్లిదండ్రులు నెలకోసారి వచ్చి అందులో కూర్చుని పిల్లల్ని గమనించవచ్చట. "మీరు వారం వారం రండి. అదే మీ కొసరు. కానీ మాట్లాడకూడదు, సాయం చెయ్యకూడదు. ఎవరైనా పిల్లలొచ్చి ఏం చేస్తున్నారని అడిగితే 'నేను చూస్తున్నాను' అనాలి. అంతవరకే."

బాపుకు ఈ సంగతంతా చెప్పాను. ఆయన తక్కెడలో పాత ఇత్తడి చెంబు తూస్తున్నాడు.

"ఒక్క రూపాయి తగ్గలేదా?"

"తగ్గలే బాపూ. గట్టి మనిషి."

"తగ్గనోళ్ళతోని పైలం బిడ్డా. బేరమాడెటోడు మళ్ళొస్తడు గనకనే బేరమాడతడు. ఒక్క మాట మీద తీసుకపోయేటోడు మళ్ళ కనవడడు."

పాతకాలం బజారు లెక్క అనుకున్నాను. నా లెక్క వేరే ఉంది. ధర కదలని మనిషి మాట కూడా కదలదని నా నమ్మకం. ఎవరి ధరనూ నమ్మకుండా పెరిగిన దాన్ని, కదలని ధర ఒకటి కనిపించేసరికి ఆ మనిషినే నమ్మేశాను. బజారులో పుట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ ఇలాంటి పొరపాటు చెయ్యరు.

*

ఆ కుర్చీలో మొదటి రోజులు నాకు శిక్ష. ఆరేళ్ళవాళ్ళ నుంచి పన్నెండేళ్ళవాళ్ళ దాకా ఒకే గదిలో ఉంటారు. ఎవరి చాప వాళ్ళు పరుచుకుంటారు, ఎవరికి కావలసిన పని వాళ్ళు అలమారలో నుంచి తెచ్చుకుంటారు, అయ్యాక ఎక్కడి వస్తువు అక్కడ పెడతారు. ఘోరం ఏమిటంటే ప్రతి వస్తువూ ఒక్కటే ఉంటుంది. గుణకారం బల్ల ఒక్కటి. భాగహారం పూసలు ఒక్క జత. ఇంకొకరికి కావాలంటే ముందువాళ్ళది అయ్యేదాకా ఆగాలి. ఒక్కొక్క పీసే పెట్టి ఎవరైనా దుకాణం నడుపుతారా? రెండో జత నేను కొనిస్తానని నోటిదాకా వచ్చింది. పెదవి కొరుక్కుని కూర్చున్నాను.

ఇద్దరు పిల్లలకు ఒకే పటం ముక్కలు కావలసి వచ్చాయి. నేను తగవు కోసం ముందుకు వంగాను. ఒకడన్నాడు, "నువ్వు దేశాలు పెట్టు, నేను నదులు చెప్త." అయిపోయింది. నాకు కొంచెం నిరాశ కలిగింది.

ఒక పాప పూసలు పంచుతూ లెక్క తప్పింది. చివర ఒక పూస మిగిలిపోయింది. ఆ పూసను అటూ ఇటూ తిప్పి చూసింది, ఎవరి మొహమూ చూడలేదు, అన్నీ మళ్ళీ పోసి మొదటి నుంచి పంచింది. టీచరమ్మ రెండు గజాల దూరంలో కూర్చుని అంతా చూస్తూనే ఉంది, తప్పనలేదు. నా అరికాళ్ళు దురదపెట్టాయి. మా దుకాణంలో చిల్లర తప్పు లెక్కబెడితే బాపు మొట్టికాయ వేసేవాడు. మొట్టికాయ లేకుండా లెక్క సరిపోవడం నేను ఆ గదిలోనే చూశాను.

అన్నిటికన్నా నాకు వెంటనే అర్థమైంది పేరు అట్ట. పని సగంలో ఉండగా భోజనానికో, ఇంటికో వెళ్ళాలంటే పిల్లలు దాన్ని చాప మీదే వదిలి, పక్కన తమ పేరు రాసిన చిన్న అట్టముక్క పెట్టి పోతారు. ఆ అట్ట ఉన్నంతకాలం ఆ పనిని ఎవరూ ముట్టరు, ఎవరూ దాటరు, చుట్టూ తిరిగి పోతారు. టీచరైనా అంతే. మా దుకాణంలోనూ ఇదే ధర్మం. గిన్నె మీద పేరు చెక్కించాక అది ఇక ఆ మనిషిదే. నెల రోజులు అరలో పడి ఉన్నా ఇంకొకరికి అమ్మరు, అందులో మంచినీళ్ళు కూడా తాగరు. పేరు పడిన సరుకు. ఈ బడి మా కులపు బడేనని ఆ రోజు మురిసిపోయాను.

ఇక మా బిడ్డ. వారాల తరబడి అది ఏ పనీ తీసుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని చాపల మధ్య తిరిగేది. బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలంపాటకు వెళ్ళి పాట పాడకుండా తిరిగేవాళ్ళలా ఉండేది దాని వాలకం. బడి విడిచాక టీచరమ్మను పట్టుకున్నాను.

"ఏం చేస్తలేదు గదా టీచరమ్మా."

"చూస్తోందండి. మీలాగే. మిమ్మల్ని నేను లేవమన్నానా?"

మరుసటి వారం మళ్ళీ వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చున్నాను.

తర్వాత ఒక పొద్దున మా బిడ్డ గుణకారం బల్ల తీసింది. రంగురంగుల గళ్ళ బల్ల అది. పూసల కడ్డీలు పేర్చుకుంటూ పోతే పెద్ద పెద్ద హెచ్చవేతలు వాటంతట అవే తేలతాయి. ఏడో ఎక్కం దగ్గర ఆగిన పిల్ల ఏడు పూసల తెల్ల కడ్డీలు చేతిలో పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత పరిచింది. మధ్యలో నీళ్ళు తాగడానికి లేస్తూ, అట్ట మీద పేరు రాసి పక్కన పెట్టింది. తిరిగొచ్చేసరికి కొత్తగా చేరిన ఒక చిన్నపిల్ల ఆ చాప దాటబోతూ కాలెత్తింది.

"ఆగు," అంది మా బిడ్డ. "పేరున్నది."

బడి గోడల లోపల అది మాట్లాడటం రెండేళ్ళలో అదే మొదలు. నేను కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను. మాట్లాడకూడదు, లేవకూడదు. టీచరమ్మ నా వైపు చూసి, కళ్ళతోనే, చూశారా అంది. ఆ చూపును నేను ఎంతకాలం దాచుకున్నానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

*

ఆ తర్వాత బజారంతా నేనే ఆ బడికి మైకునయ్యాను. ఒక ఎండాకాలం టీచరమ్మ నన్ను పిలిచి కూర్చోబెట్టి, చల్ల ఇచ్చి, "మీ బజారు వాళ్ళకి కాస్త చెప్పండి. గది నిండితే పిల్లలకే మంచిదండి. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళను చూసి నేర్చుకుంటారు," అంది.

"మా పోరి పన్నెండేళ్ళు నిండేదాక ఇదే గదిల ఉంటది గదా?"

"అంతేనండి. ఇది ఆరేళ్ళ పని. మధ్యలో వదిలేది కాదు."

ఒక్క మాట. కదలని మాట. నేను ఎండలో దుకాణం దుకాణం తిరిగాను. కిరాణా అన్న, ఎరువుల దుకాణపాయన, బంగారం షాపు వదిన, అందరి దగ్గరా కూర్చుని మా బిడ్డను కళ్ళ ముందు పెట్టి చెప్పాను. బంగారం షాపు వదిన, "బెంచీలు గూడ లేని బడికి గంత ఫీజా," అంది. "బెంచీ మీద నిలబెట్టనందుకే వదినా ఫీజు," అన్నాను. బజారులో నా మాటకు విలువుంది. సరుకు మంచిదైతే తప్ప నేను మెచ్చుకోనని అందరికీ తెలుసు. బడి తెరిచేసరికి గది నిండింది. నా కుర్చీ ఇంకాస్త మూలకు జరిగింది.

ఆ ఏడు మా బిడ్డ తన పెద్ద పని మొదలుపెట్టింది. బస్టాండు నుంచి చెరువు కట్ట దాకా మా ఊరి బజారు పటం. నాలుగు చాపలు కలిపి, వాటి మీద పొడుగాటి కాగితం అతికించింది. ప్రతి దుకాణం దగ్గరికీ వెళ్ళి, ఇక్కడ ముందు ఏముండేది అని అడిగి, ఇప్పటిది పైన, ముందటిది కింద గీస్తుంది. పెద్దపిల్లల్ని ఇద్దరిని వెంట పెట్టుకుని, ముందుగా చెప్పి, వెళ్ళి అడిగి రావడం ఆ బడిలో పాఠమే. అలా మా బాపు దుకాణానికీ వచ్చింది.

"ఈ దుకాణం కంటె ముందు ఈడ ఏముండె?"

"నీకు ఎరుక లేదా? రోజు చెప్త గదా."

"తాతా, నేనిప్పుడు ఇంటికెల్లి రాలే. బడి నుంచి వచ్చిన. మంచిగ చెప్పు."

బాపు లేచి తన గద్దె మీద దాన్ని కూర్చోబెట్టి, నిలబడి జవాబు చెప్పాడు. ముందు అక్కడ ఎడ్లబండ్ల చక్రాలకు కమ్ములు తొడిగే కొలిమి ఉండేదట. అంతకు ముందు ఏమీ లేదట, రేగుపొదలు. రేగుపొదలు కూడా గీసింది. అన్ని దుకాణాలకూ కింద ఏదో ఒకటి ఉంది. ప్లాట్ల ఆఫీసుల కిందైతే రెండు మూడు వరసలున్నాయి, అవి అంత తొందరగా మారాయి. పటం సగమైంది. చాపల పక్కన దాని పేరు అట్ట. గదిలో అంతమంది పిల్లలు, వారాల తరబడి, ఆ నాలుగు చాపల చుట్టూ తిరిగి నడిచారు. ఒక్క కాలు పడలేదు.

*

చలి తగ్గుతున్న రోజుల్లో నేను కుర్చీలో ఉండగా ఇద్దరు మగవాళ్ళు వచ్చారు. "వీళ్ళు ఇంకో బడివాళ్ళు, మన పని చూడడానికొచ్చారు," అని టీచరమ్మ పిల్లలకు చెప్పింది. పిల్లలు ఒకసారి తలెత్తి మళ్ళీ పనిలో పడ్డారు.

బజారులో పెరిగినవాళ్ళకు ఎవరూ నేర్పకుండా వచ్చే విద్య ఒకటుంది. గిరాకీ వచ్చినవాడు సరుకు చూస్తాడు. దుకాణం కొనవచ్చినవాడు నేల చూస్తాడు, కప్పు చూస్తాడు. ఆ ఇద్దరూ ఒక్క పిల్లను చూడలేదు. ఒకాయన వేలి కణుపుతో గోడ కొట్టి చెవి పెట్టాడు. ఇంకొకాయన గది ఈ చివర నుంచి ఆ చివరకు అడుగులు సమంగా వేస్తూ నడిచాడు.

నడుస్తున్నాయన పటం దగ్గర ఆగి, "ఇక్కడ ఫ్లోరింగ్ ఎలా ఉంది?" అన్నాడు.

టీచరమ్మ ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణం నేను ఆవిడ పక్షానే ఉన్నాను. ఆగుండ్రి, పేరున్నది అంటుందనుకున్నాను. ఆవిడ వంగి అట్ట తీసి పక్కన పెట్టి, చాపలు ఒక వైపు నుంచి చుట్టడం మొదలుపెట్టింది. అతికించిన కాగితం పటపటమంది. కట్ట వైపు దుకాణాలన్నీ చుట్టలోకి పోయాయి. నేల బాగానే ఉంది. ఆయన తలూపాడు.

మా బిడ్డ అప్పుడే రంగుపెన్సిళ్ళు చెక్కుకుని వచ్చింది. చూసింది. పెన్సిళ్ళు రెండు చేతులా పట్టుకుని, వాళ్ళు ముందుకు కదిలేదాకా నిలబడింది. తర్వాత కూర్చుని చాపలు మళ్ళీ పరిచి, మడత పడిన చోట అరచేత్తో రుద్ది, అట్ట మునుపటి చోటనే పెట్టింది. దాని మొహంలో కోపం ఉంది. ఆశ్చర్యం మాత్రం లేదు. అది నాకు ఆ క్షణంలో తట్టలేదు.

ఒకప్పుడు ఆ చాప దాటబోయిన చిన్నపిల్లే నా దగ్గరికొచ్చి, నా మొహంలోకి చూసి, "ఆంటీ, ఏం చేస్తున్నవ్?" అని అడిగింది.

"నేను చూస్తున్న," అన్నాను.

పిల్లలంతా వెళ్ళేదాకా ఆగాను. మా బిడ్డను బయట వేపచెట్టు కింద కూర్చోమన్నాను.

"అమ్మిండ్రా?" అని అడిగాను టీచరమ్మను.

"సంతకాలింకా కాలేదండి."

"ఎప్పటి సంది నడుస్తున్నది?"

"పోయిన ఎండాకాలం నుంచి మాటలున్నాయండి. గది నిండితే చూద్దామన్నారు వాళ్ళు."

చల్ల తాగించిన ఎండాకాలం. దుకాణం అమ్మబోయేవాడు ముందు అరలు నింపుతాడని బజారులో పసిపిల్లలకు కూడా తెలుసు. ఖాళీ అరలు చూపిస్తే ఎవడు కొంటాడు? అరలు నింపింది నేను. పైగా కూలీ అడగకుండా.

"అమ్ముకునుడు తప్పు కాదు టీచరమ్మా. మా బజార్ల రోజూ అమ్ముతరు. గని నాతోని అరలు నింపిచ్చినవు."

"అరలేమిటండీ?" అంది. ఆవిడకు నిజంగానే అర్థం కాలేదు. "నా ఇల్లు కూడా తాకట్టులో ఉందండి. ఇంకెంతకాలం లాగగలను? వాళ్ళది పెద్ద సంస్థ. పిల్లలకేం లోటు రాదు."

"బెంచీలుంటయా?"

ఆవిడ గడియారం సర్దుకుంది. "ఉంటాయండి," అంది.

*

మట్టిబాట మీద రోడ్డుకు నడుస్తూ, ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. మా బిడ్డే అంది, "నాకు ఎరుకే అమ్మా."

"ఏం ఎరుక?"

"బడి అమ్ముడు. పోయిన నెల టేపు పెట్టి కొలిచిండ్రు. అక్కను అడిగిన. చెప్పింది."

పిల్లలు టీచరమ్మను అక్క అంటారు. ఒక నెలంతా, రోజూ నా పక్కలో పడుకుని, నా చేతి అన్నం తిని, ఇది ఒక్క మాట చెప్పలేదు. టీచరమ్మ అమ్మిందన్నప్పుడు మండింది. ఇది విన్నప్పుడు బాట పక్కన హద్దురాయి ఒకటుంటే దాని మీద కూర్చున్నాను.

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వొచ్చి బేరమాడతవని."

"ఆడితే ఏమైతుండె?"

"లొల్లి అయితుండె. లొల్లిల పని కాదు. నాకు పటం కావాలె." కాసేపు చెప్పుతో మట్టి గీకి అంది, "నేను అక్కతోని మాట్లాడుకున్న. నేను ఇంట్ల చెప్ప. నా పని అయిపోయేదాక అక్క దాన్ని ఎవ్వరిని ముట్టనియ్యదు. అక్క సరే అన్నది."

నేను దాని మొహం వైపే చూస్తుండిపోయాను. తొమ్మిదేళ్ళ పిల్ల. నా బిడ్డే. తన దగ్గరున్నదేమిటో, అవతలి మనిషికి కావలసిందేమిటో తూచి, నడుమల కలిసింది. నాకు దొరకని బేరం దానికి దొరికింది. అమ్మకానికి పెట్టిన సరుకు మాత్రం నా ముందర అది మూసుకున్న నోరు. ఆ నోరు తెరిపించడానికే కదా నేను ఆ బడికి పోయింది.

"మరి ఇయ్యాల అక్కనే చుట్టింది గదా," అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"అవ్," అంది. రోడ్డు దాకా నా చెయ్యి పట్టుకోలేదు. నేనూ పట్టుకోలేదు.

బజారులో చెప్పడం నా వంతైంది. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. బంగారం షాపు వదిన, "పోనీలే, నువ్వు గూడ మోసపోతవని మాకేం ఎరుక," అని నాకు చాయ్ తెప్పించింది. బజారులో అంతకు మించిన తిట్టు లేదు. బాపు మాత్రం ఒక్కటే అడిగాడు, "తగ్గలేదన్నవు గదా ఆ మనిషి?" జవాబు కోసం ఆగకుండా గిన్నెలు తుడుచుకోసాగాడు.

బడి ఆఖరి రోజున షెడ్డు ముందు సామాను పెట్టారు. పూసలు, పటాలు, అలమారలు అన్నిటికీ ధర చీటీలు అంటించి ఉన్నాయి. కొత్తవాళ్ళకు అవేవీ అక్కర్లేదట. మా బిడ్డ పటం ఇంకా ఆ నాలుగు చాపల మీదే ఉంది, చివరన కాస్త చెరువు కట్ట గీయడం మిగిలి ఉంది. కాగితం ఊడదీస్తే చిరుగుతుంది, చాపలతో సహా తీసుకుపోవాలి. చాపలకు ధర అడిగాను. టీచరమ్మ చెప్పింది. నేను సంచి తీసి, చెప్పింది చెప్పినట్టు చేతిలో పెట్టాను.

ఆవిడ మొహం విప్పారింది. "మీరు మారిపోయారండి," అంది. తర్వాత మూలనున్న చెక్కకుర్చీ తెచ్చి నా ముందు పెట్టింది. "ఇది కూడా తీసుకెళ్ళండి. మీ కొసరు."

"వద్దు టీచరమ్మా."

"ఊరికేనండి."

"వద్దు," అన్నాను. ఆవిడ నేనేదో మొహమాటపడుతున్నాననుకుంది. ఇంకోసారి తీసుకోమంది కూడా.

చాపల చుట్ట ఆటోలో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాం. చాలా దూరం వచ్చాక మా బిడ్డ అడిగింది, "బేరమాడలే. కొసరు తీసుకోలే. తాత అన్నట్టు ఇగ మనం ఆడికి పోమా?"

"పోం."

అది తల తిప్పుకుని చుట్ట మీద చెంప ఆనించింది. ఏడ్చిందో లేదో ఆటో చప్పుడులో తెలియలేదు.

పటం బాపు దుకాణంలో పూర్తయింది. బిందెల వరసలు గోడకు జరిపించి, నడిమిట్ల పరిచాడాయన. ఎండాకాలమంతా గిరాకీలు అంచుల వెంట నడిచారు. తొక్కబోయినవాణ్ణి బాపే ఆపేవాడు. మా బిడ్డ రోజూ కొంచెం కొంచెంగా కట్ట దాకా గీసింది. సాగర్ రోడ్డు మలుపు దగ్గర ఒక కోళ్ళ షెడ్డు గీసి, దాని మీద బడి గీసి, బడి మీద ఖాళీ ఉంచింది.

పగలు అన్నానికి లేచి వెళ్తున్నప్పుడు బాపు అడిగాడు, "పేరు అట్ట పెట్టవా బిడ్డా? పెట్టాలంటివి గదా."

"అయినంక పెడత తాతా. ముందుగాల పెట్ట."

"గదీ మాట," అన్నాడాయన. "మనం గూడ పైసలు చేతిల పడ్డంకనే పేరు చెక్కుతం."

తర్వాత చేరిన బడిలో అది మాట్లాడింది. బెంచీలున్నా మాట్లాడింది, దేవుడి దయ. కానీ ఏ నోటు పుస్తకం చూసినా, ఏ బొమ్మ చూసినా, అయిపోయేదాకా దాని మీద పేరుండదు. ఎవరైనా దగ్గరికొస్తే చెయ్యి అడ్డం పెడుతుంది, నేనొచ్చినా సరే. మనవరాలికి బజారు పట్టుబడిందని మా బాపు పోయేదాకా చెప్పుకుని మురిసేవాడు. ఆయన మురిసినప్పుడల్లా నేను ఏదో పనున్నట్టు లేచి లోపలికి వెళ్ళేదాన్ని.